మాట్లాడుతున్నాడుగా, ఏం కాదు!

1998 ఫిబ్రవరి 20. ఢాకాలోని బంగబంధు స్టేడియంలో క్లబ్ మ్యాచ్ జరుగుతోంది. అబాహనీ జట్టుకు ఆడుతున్న భారత మాజీ ఓపెనర్ రమణ్ లాంబా షార్ట్ లెగ్‌లో, బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా నిలబడ్డారు. తలకు హెల్మెట్ లేదు. ఓవర్లో మిగిలినవి కొద్ది బంతులే, వాటికోసం హెల్మెట్ తెప్పించుకోవడం ఎందుకనుకున్నారు. మెహ్రాబ్ హుస్సేన్ బలంగా కొట్టిన బంతి నేరుగా లాంబా తలకు తగిలి, ఎగిరి వికెట్ కీపర్ చేతుల్లో పడింది. లాంబా కుప్పకూలి, మళ్లీ లేచారు. పలకరించినవాళ్లకు బాగానే ఉన్నానన్నారు. తన కాళ్ల మీద తానే నడుచుకుంటూ మైదానం బయటికి వెళ్లారు. కాసేపటికే పరిస్థితి విషమించింది. తలలో రక్తస్రావమైందని తేలింది, ఆపరేషన్ చేశారు. 23వ తేదీన, 38 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పదకొండేళ్ల తర్వాత, 2009 మార్చి 16న, బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో స్కీయింగ్ నేర్చుకుంటూ మంచు మీద పడిపోయారు. పైకి గాయమేమీ లేదు. అందరితో మామూలుగానే మాట్లాడారు. పిలిస్తే వచ్చిన అంబులెన్సు అవసరం లేదనిపించి వెనక్కి వెళ్లిపోయింది. దాదాపు గంట తర్వాత తలనొప్పి మొదలైంది. రెండు రోజుల తర్వాత న్యూయార్క్ ఆసుపత్రిలో ఆమె మరణించారు. వయసు 45. పుర్రె ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య చేరిన రక్తమే కారణమని పోస్టుమార్టంలో తేలింది.

ఒకరిది క్రికెట్ మైదానం, ఒకరిది మంచుకొండ. ఇద్దరి చుట్టూ ఉన్నవాళ్లకూ ధైర్యమిచ్చింది మాత్రం ఒకటే: మనిషి మాట్లాడుతున్నాడు. మన ఊళ్లలో బైకు మీంచి పడినవాడి చుట్టూ మూగిన జనం నోట కూడా మొదట వచ్చే మాట ఇదే. "మాట్లాడుతున్నాడుగా, ఏం కాదు. కాసిని నీళ్లు తాగించి ఇంటికి పంపించండి." ఆ మాటలో దయ ఉంది. ప్రమాదం కూడా ఉంది.

గ్లాస్గో నగరంలోని వైద్యులు 1975లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. తలకు దెబ్బ తగిలాక మాట్లాడగలిగి, ఆ తర్వాత చనిపోయిన రోగులను వాళ్లు పరిశీలించారు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. దెబ్బ తగిలాక మనిషి మాట్లాడాడంటే, ఆ దెబ్బ ఒక్కటే అతన్ని చంపేంతది కాదన్నమాట. తర్వాతి గంటల్లో లోపల జరిగినదేదో చంపింది. అది ఆపగలిగినదే అయి ఉండవచ్చు. అత్యవసర విభాగంలో తల గాయం తీవ్రతను అంచనా వేసే పద్ధతులన్నీ ఈ ఆలోచన చుట్టూనే తిరుగుతాయి. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందన్నది సగం ప్రశ్న మాత్రమే. మనిషి ఇప్పుడు ఏ దిశగా వెళ్తున్నాడన్నది మిగతా సగం, అసలు సగం.

లోపల ఏం జరుగుతుంది?

పుర్రె సాగదు. పెద్దవాళ్ల పుర్రెలో మెదడు, దానికి అందే రక్తం, దాని చుట్టూ ఉండే సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం సరిగ్గా ఇమిడి ఉంటాయి. కొత్తగా రక్తం చేరితే ఉన్నవాటిలో ఏదో ఒకటి తప్పుకుని చోటివ్వాలి. మొదట ద్రవం వెన్నుపాము వైపు జారి చోటిస్తుంది, తర్వాత సిరల్లోని రక్తం ఖాళీ అవుతుంది. అంతవరకు మనిషి బాగానే కనిపిస్తాడు, కబుర్లు కూడా చెబుతాడు. తప్పుకోవడానికి ఇంకేమీ మిగలని క్షణం నుంచి ఒత్తిడి నిట్టనిలువుగా పెరుగుతుంది. అప్పటిదాకా గంటల లెక్కన సాగినది ఇక నిమిషాల లెక్కన సాగుతుంది.

కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలి వైపున ఆనుకుని ఒక ధమని వెళ్తుంది. అక్కడ దెబ్బ తగిలి ఎముక చిట్లితే ఆ ధమని కూడా చిరగవచ్చు. ధమని కాబట్టి రక్తం వేగంగా చేరుతుంది. తెలివి వచ్చి, బాగున్నట్టే ఉండి, మళ్లీ స్పృహ తప్పడం అనే ప్రమాదకరమైన విరామం ఎక్కువగా ఈ రకం గాయంలోనే కనిపిస్తుంది. సమయానికి పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే మనిషి పూర్తిగా కోలుకునే అవకాశం ఎక్కువగా ఉన్నదీ ఈ రకంలోనే. ఇంత సాధారణమైన మెలకువతో తప్పించగల చావులు వైద్యంలో ఎక్కువ లేవు.

ముసలివాళ్లలో కథ వేరేలా ఉంటుంది. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడం వల్ల పుర్రెలో ఖాళీ ఏర్పడుతుంది. సన్నటి సిరలు తెగితే రక్తం మెల్లగా ఊరుతూ ఉంటుంది. బాత్‌రూంలో కాలుజారి పడిన పెద్దాయన నెల తర్వాత పొంతన లేకుండా మాట్లాడుతూ, నడకలో ఒక పక్కకు ఒరుగుతూ ఉంటే ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది, మతిమరుపు" అని సరిపెట్టుకుంటారు. ఎప్పుడో పడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కళ్లు, మాట, చేయి

తల గాయం రోగి స్పృహను వర్ణించడానికి 1970ల దాకా వైద్యులు వాడిన మాటలు ఒకరివి ఒకరికి కుదిరేవి కావు. ఒకరు మగత అన్నదాన్ని ఇంకొకరు అర్ధస్పృహ అని రాసేవారు. పగటి డ్యూటీ డాక్టరు రాసింది చదివి రాత్రి డ్యూటీ డాక్టరు రోగి మెరుగయ్యాడో క్షీణించాడో చెప్పలేకపోయేవాడు. సి.టి. స్కాన్ కూడా అప్పుడే పుట్టింది. లండన్‌లో 1971 అక్టోబరులో మొదటి రోగి మెదడును అలా చూశారు. చాలా ఆసుపత్రులకు ఆ యంత్రం ఇంకా చేరలేదు. రోగి మంచం పక్కన నిలబడి కళ్లతో చూసి, చెవులతో విని తేల్చుకోవాల్సిన రోజులవి.

గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ 1974లో లాన్సెట్‌లో ఒక చిన్న కొలమానాన్ని ప్రతిపాదించారు. అదే గ్లాస్గో కోమా స్కేల్. మన క్యాజువాలిటీల్లో జీసీఎస్ అని పిలిచేది దీన్నే. దీని గొప్పతనం దీని సాదాతనంలోనే ఉంది. యంత్రం అక్కర్లేదు, రక్త పరీక్ష అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు అయినా, పెద్ద నగరంలో న్యూరోసర్జన్ అయినా ఒకే మూడింటిని చూస్తారు: కళ్లు తెరవడం, మాట్లాడడం, చేతులు కదపడం.

కళ్లకు గరిష్ఠంగా 4. తనంతట తానే కళ్లు తెరిచి ఉంటే 4, పిలిస్తే తెరిస్తే 3, వేలి గోరు మీదో మరోచోటో నొక్కితే తెరిస్తే 2, అసలు తెరవకపోతే 1. మాటకు 5. పేరు, ఉన్న చోటు, నెల సరిగా చెబితే 5. వాక్యాలు వస్తున్నా గందరగోళంగా ఉంటే 4, విడివిడి మాటలే అయితే 3, మూలుగులే అయితే 2, ఏ శబ్దమూ లేకపోతే 1. కదలికకు 6. చెప్పినట్టు చేస్తే 6. నొక్కిన చోటికి చేయి తెచ్చి తోసేయబోతే 5. చేయి మడిచి వెనక్కి లాక్కుంటే 4. చేయి అసహజంగా ఛాతీ వైపు ముడుచుకుంటే 3, కర్రలా చాచుకుపోతే 2, కదలకపోతే 1.

మొత్తం 15. కనిష్ఠం సున్నా కాదు, 3. ఈ సంగతి తెలియక "మూడైనా ఉందట కదా" అని ఆశపడిన కుటుంబాలున్నాయి. పూర్తిగా స్పందన లేని మనిషికి వచ్చే అంకె అదే.

13 నుంచి 15 దాకా స్వల్ప గాయం, 9 నుంచి 12 దాకా ఓ మోస్తరు, 8 అంతకంటే తక్కువైతే తీవ్రం. ప్రపంచమంతటా ఈ విభజననే వాడతారు. 8కి దిగిన రోగి తన గొంతును తాను కాపాడుకోలేకపోవచ్చు. వాంతి అయినా, నాలుక వెనక్కి పడినా ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఆ స్థాయిలో గొంతులోకి గొట్టం వేసి కృత్రిమ శ్వాస ఇవ్వాలన్న నిర్ణయం సాధారణంగా తీసుకుంటారు.

ఇక్కడ "స్వల్ప" అన్న మాట గురించి ఒక హెచ్చరిక తప్పదు. ఆ మాట వర్ణించేది ఆ క్షణంలో స్పృహను మాత్రమే. పుర్రె లోపల ఏముందో అది చెప్పదు. కింద పడిన కొద్ది నిమిషాలకు రిచర్డ్‌సన్‌ను ఈ కొలమానంతో కొలిచి ఉంటే, మామూలుగా మాట్లాడిన ఆమెకు పూర్తి మార్కులే పడి ఉండేవి.

అంకెల మొత్తం కూడా కొంత దాస్తుంది. ఇద్దరు రోగులకు 9 వచ్చిందనుకుందాం. ఒకరు పిలిస్తే కళ్లు తెరుస్తూ, మూలుగుతూ, నొక్కితే చేయి వెనక్కి లాక్కుంటున్నారు. ఇంకొకరు కళ్లు తెరవడం లేదు, శబ్దాలే చేస్తున్నారు, కానీ చెప్పినట్టు చేయి ఎత్తుతున్నారు. అంకె ఒకటే, మెదడు పరిస్థితి ఒకటి కాదు. అందుకే కళ్లు ఇంత, మాట ఇంత, కదలిక ఇంత అని మూడింటినీ విడిగా రాయాలని ఈ కొలమానాన్ని రూపొందించినవాళ్లు మొదటి నుంచీ కోరారు. మూడింటిలో రోగి భవిష్యత్తు గురించి ఎక్కువ చెప్పేది కదలికే. కేసు షీటులో ఒంటరిగా "జీసీఎస్ 9" అని కనిపిస్తే అది సగం రాసిన వాక్యం.

మద్యం వాసన, పరాయి భాష

ఈ స్కోరును తప్పుదోవ పట్టించేవి చాలా ఉన్నాయి. మొదటిది మద్యం. రాత్రి పదకొండుకు వచ్చిన రోగి నోటి నుంచి వాసన వస్తుంటే "తాగి ఉన్నాడు, తెల్లారితే దిగుతుంది" అనుకోవడం తేలిక. తాగినవాడు పడతాడు, పడినవాడికే తలలో రక్తస్రావమవుతుంది. స్కోరు తగ్గడానికి మద్యమే కారణమని వేరే గాయం లేదని తేలాకే అనాలి, ముందు కాదు. అలాగే చక్కెర పడిపోయినా మనిషి తికమకగా మాట్లాడతాడు, చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చక్కెర చూడడం అందుకే తల గాయం పరీక్షలో భాగం. బీపీ పడిపోయినా, ఆక్సిజన్ చాలకపోయినా, మత్తు ఇంజెక్షన్ ఇచ్చినా స్కోరు తగ్గుతుంది. గొంతులో గొట్టం ఉన్నవాడు మాట్లాడలేడు. కళ్లు వాచి మూసుకుపోయినవాడు వాటిని తెరవలేడు. అలాంటప్పుడు అంకె ఊహించి వేయకుండా ఆ అంశాన్ని పరీక్షించలేకపోయామని రాయాలని 2014లో సవరించిన సూచనలు చెబుతున్నాయి.

భాష గురించి ఎక్కువమంది ఆలోచించరు. హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీల్లో, భవన నిర్మాణాల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. పరంజా మీంచి పడినవాణ్ని "ఇది ఏ నెల? ఎక్కడున్నావ్?" అని తెలుగులో అడిగి, అతను అయోమయంగా చూస్తే మాటకు 4 వేసేస్తారు. అతనికి అర్థం కానిది ప్రశ్న కావచ్చు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలు మెట్ల మీద జారిపడి అక్కడి ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడూ ఇదే చిక్కు తలకిందులుగా ఎదురవుతుంది. ఇంగ్లీషు రాని అమ్మ నిజంగానే తడబడుతుంటే అది భాష వల్లేనని కొట్టిపారేసే ప్రమాదమూ ఉంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పే ఒక్క మాట ఎంతో పనిచేస్తుంది: "మా అమ్మ రోజూ ఇలా మాట్లాడదు." దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకూడదు. తోటి కూలీ చేత ఫోనులోనైనా వాళ్ల భాషలో అడిగించవచ్చు. రోగికి ముందే పక్షవాతం, చెవుడు, మతిమరుపు ఉంటే ఆ సంగతి చెప్పగలిగింది కూడా తోడు వచ్చినవాళ్లే.

టార్చ్ వెలుగు చెప్పేది

స్కోరు తర్వాత వైద్యుల చేయి జేబులోని చిన్న టార్చ్ వైపు వెళ్తుంది. వెలుగు పడగానే రెండు కంటిపాపలూ చిన్నవి కావాలి. ఒకటి పెద్దదై వెలుగుకు కదలకుండా ఉండిపోతే, ఉబ్బిన మెదడు భాగం కంటి నరాన్ని నొక్కుతోందన్న అనుమానం కలగాలి. అది ఆపరేషన్ థియేటర్‌కు పరుగెత్తాల్సిన గుర్తు. జీసీఎస్ నుంచి, స్పందించని కంటిపాపల సంఖ్యను తీసివేసి ఒకే అంకెగా చెప్పే పద్ధతిని టీస్‌డేల్ బృందమే 2018లో ప్రతిపాదించింది. 3 వచ్చిన రోగికి రెండు పాపలూ కదలకపోతే ఆ అంకె 1 అవుతుంది.

నాడి, బీపీ కూడా మాట్లాడతాయి. లోపల ఒత్తిడి పెరిగిపోయినప్పుడు బీపీ పెరిగి, నాడి నెమ్మదించి, ఊపిరి క్రమం తప్పుతుంది. ఈ మూడూ కలిసి రావడాన్ని అమెరికన్ సర్జన్ హార్వీ కుషింగ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వివరించారు. నాడి నెమ్మదించింది, నిద్రపోతున్నాడు, ఊరట కలిగిందేమో అని తోడున్నవాళ్లు తప్పుగా చదువుకునే ఘడియ ఇదే.

పుర్రె అడుగుభాగం విరిగితే దెబ్బ తగిలిన చోట కాక వేరేచోట గుర్తులు కనిపిస్తాయి. రెండు కళ్ల చుట్టూ నల్లగా కమిలిపోతుంది. చెవి వెనక ఎముక మీద నీలిరంగు మచ్చ తేలుతుంది. ముక్కులోంచో చెవిలోంచో నీరులాంటిది కారుతుంది. ఈ గుర్తులు కొన్నిసార్లు గంటల తర్వాత గానీ రావు. కారేదాన్ని ఆపాలని చెవిలో దూది కుక్కకూడదు.

స్కాన్ ఎవరికి, ఎప్పుడు?

తల పగిలి రక్తం కారితేనే స్కాన్ అవసరమనే నమ్మకం ఒకవైపు, బొప్పి కట్టినా స్కాన్ తీయాల్సిందేనన్న పట్టుదల ఇంకోవైపు. కెనడాలో ఇయాన్ స్టీల్ బృందం ఈ రెంటికీ మధ్య దారి వెతికి 2001లో ఒక నియమావళి ప్రచురించింది. స్కోరు 13 నుంచి 15 ఉండి, కాసేపు స్పృహ తప్పినా, జరిగింది మరిచిపోయినా, తికమకపడినా అలాంటి పెద్దవాళ్లకు ఇది వర్తిస్తుంది. దెబ్బ తగిలిన రెండు గంటలకు కూడా స్కోరు 15కి చేరకపోవడం, పుర్రె విరిగిందన్న అనుమానం, రెండు లేదా అంతకు మించి వాంతులు, 65 ఏళ్లు నిండిన వయసు ఇందులో పెద్ద హెచ్చరికలు. ప్రమాదానికి ముందరి అరగంట లేదా అంతకు మించిన సంగతులు గుర్తులేకపోవడం, నడుస్తున్నప్పుడు వాహనం ఢీకొనడం, వాహనంలోంచి ఎగిరి పడడం, ఐదు మెట్లు లేదా మూడు అడుగుల పైనుంచి పడడం కూడా లెక్కలోకి వస్తాయి. మూడు అడుగులంటే మన ఇంట్లో మంచం కంటే కొంచెం ఎత్తు. ఈ సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

ఫిట్స్ వచ్చినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్లు ఈ నియమావళి పరిధిలోకి రారు. వాళ్ల విషయంలో స్కాన్‌కే మొగ్గు చూపుతారు. కాబట్టి మందుల చీటీ వెంట తీసుకెళ్లడం చిన్న పనేమీ కాదు. పెద్దాయన రోజూ మింగే వార్ఫరిన్ మాత్ర పేరు డాక్టరుకు తెలియడం వల్ల ఆ రాత్రి వైద్యమే మారిపోవచ్చు.

పిల్లల సంగతి వేరు. స్కాన్ కిరణాలు ఎదిగే శరీరానికి మంచివి కావు, అలాగని వదిలేయనూ కూడదు. 42 వేలమందికి పైగా పిల్లలను పరిశీలించి అమెరికాలో 2009లో వెలువడిన అధ్యయనం రెండేళ్ల లోపు పిల్లలకూ, ఆ పైవాళ్లకూ వేర్వేరు గుర్తులు చెప్పింది. రెండేళ్ల లోపు పసివాళ్ల జాబితాలో "పిల్ల తీరు మామూలుగా లేదని తల్లిదండ్రులకు అనిపించడం" కూడా ఒకటి. తల్లి అనుమానాన్ని వైద్యశాస్త్రం లెక్కలోకి తీసుకుని నియమంలో రాసుకుంది.

మొదటి స్కాన్ బాగుందంటే ఆ సమయానికి బాగుందని అర్థం. ఆ తర్వాత స్కోరు తగ్గితే మళ్లీ తీయాలి. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం పరిశీలనలో ఉంచిన రోగికి స్కోరు 15కి వచ్చేదాకా అరగంటకోసారి చూడాలి. 15కి వచ్చాక కూడా రెండు గంటలపాటు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలపాటు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి చూడాలి. ఒక్క పాయింటు తగ్గి, అలాగే నిలిచిపోయినా డాక్టరును పిలవాలి. కిక్కిరిసిన మన వార్డుల్లో ఇది ఎంత కష్టమో తెలియంది కాదు. అయినా తగ్గించుకోకూడని కనీసం ఇదే.

దారిలో పోయే మెదడు

మొదటి దెబ్బను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ తర్వాత తగిలే దెబ్బలు మాత్రం మనుషుల చేతుల్లో ఉంటాయి. తీవ్రమైన తల గాయమైనవాళ్లలో పై బీపీ ఒక్కసారి 90 కంటే పడిపోయినా మరణాలు సుమారు రెట్టింపవుతున్నాయని 1993లో వెలువడిన అమెరికా పరిశోధన చూపింది. ఆక్సిజన్ 90 శాతం కంటే పడిపోవడమూ అంతే చేటు. అరిజోనా రాష్ట్రంలో అంబులెన్సు సిబ్బందికి ఈ రెంటినీ పడనివ్వకుండా, బ్యాగుతో అతివేగంగా ఊపిరి కొట్టకుండా శిక్షణ ఇచ్చారు. తీవ్ర గాయమైనవారు బతికి బయటపడడం దాదాపు రెట్టింపైందని 2019లో ఫలితాలు ప్రకటించారు. ఖరీదైన యంత్రాలేవీ లేవు. ఆక్సిజన్, సెలైన్, ఓపికగా నొక్కే చేయి.

మందుల చరిత్రలోనూ ఒక పాఠముంది. వాపు తగ్గుతుందన్న నమ్మకంతో తల గాయానికి స్టెరాయిడ్లు ఏళ్ల తరబడి ఇచ్చారు. పదివేలమంది పెద్దవాళ్లతో జరిగిన క్రాష్ పరిశోధన 2004లో తేల్చింది, అవి ఇచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువని. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మీద 2019లో ముగిసిన పరిశోధన, గాయం స్వల్పం లేదా ఓ మోస్తరు అయినవాళ్లకు మూడు గంటల్లోపు ఇస్తే మేలు కనిపించిందని చెప్పింది. ఎవరికి ఇవ్వాలన్నది అక్కడ కూడా గాయం తీవ్రతను సరిగా అంచనా వేయడం మీదే ఆధారపడింది.

రోడ్డు పక్కనున్నవాళ్ల పని

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలితీసుకున్నాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు 74,897 మంది. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు యాభైవేలకు పైమాటే. ఈ అంకెల వెనుక ఉన్న చావుల్లో చాలావాటికి రోడ్డు పక్కన మొదటి సాక్షులు డాక్టర్లు కారు, టీకొట్టు యజమాని, ఆటోడ్రైవరు, ఇంటర్ చదివే కుర్రాడు.

వాళ్లు చేయగలిగినది తక్కువే అయినా విలువైనది. 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. పడినవాణ్ని కూర్చోబెట్టడం, భుజాలు పట్టి ఊపడం, మెడ తిప్పడం చేయకూడదు. తలకు దెబ్బ తగిలినవాడి మెడ ఎముక కూడా విరిగి ఉండవచ్చు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు, సోడా పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. చుట్టూ రాళ్లు, గట్టి వస్తువులు తీసేసి, ఎంతసేపు వచ్చాయో గడియారం చూడాలి. వాంతి అవుతుంటే తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పాలి.

పోలీసుల భయంతో వెనక్కి తగ్గాల్సిన పని లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత పడకుండా కాపాడుతుంది. పేరు చెప్పమని వాళ్లను ఎవరూ బలవంతం చేయలేరు.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరుకు అన్నింటికంటే పనికొచ్చేది సాక్షి చెప్పే కథ. ఎన్ని గంటలకు పడ్డాడు, ఎంత ఎత్తు నుంచి, వెంటనే మాట్లాడాడా, ఎంతసేపటికి తెలివొచ్చింది, దారిలో వాంతి అయిందా, ఫిట్స్ వచ్చాయా, ముందు చెప్పిన పేరునే ఇప్పుడూ చెబుతున్నాడా. సెల్‌ఫోన్‌లో సమయంతో సహా రెండు ముక్కలు రాసుకున్నా చాలు. పడ్డప్పుడు బాగా మాట్లాడి ఇప్పుడు మగతగా ఉన్నాడన్న ఒక్క వాక్యం రోగిని వరుసలో ముందుకు తెస్తుంది.

తలకు దెబ్బ తగిలిన ప్రతివారి కథా లాంబా కథలా ముగియదు. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రెను చిట్లగొట్టింది. ఆసుపత్రికి చేర్చారు. ఆపరేషన్ చేశారు. ప్రత్యర్థి జట్టు కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ ముందుకొచ్చి రక్తమిచ్చారు. కాంట్రాక్టర్ రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నా కోలుకున్నారు. ఆ తర్వాత ఫస్ట్ క్లాస్ క్రికెట్ కూడా ఆడారు. అప్పటి చికిత్సలో తలలో అమర్చిన లోహపు పలకను 2022లో, ఆయన 88వ ఏట తీసేశారు.

ఇంటికి పంపిన తర్వాత

"ఏం ఫర్వాలేదు, ఇంటికి వెళ్లవచ్చు" అని డాక్టరు చెప్పిన రోగి దగ్గర కనీసం 24 గంటలు ఎవరో ఒకరు ఉండాలి. హాస్టల్ గదిలోనో అద్దె గదిలోనో ఒంటరిగా ఉండేవాళ్లు ఆ రాత్రికి స్నేహితుణ్ని పిలిపించుకోవాలి. డాక్టరు పరీక్షించాక నిద్రపోనివ్వడం తప్పేమీ కాదు. తెల్లవార్లూ మేల్కొల్పి ఉంచాలన్నది పాత నమ్మకం. లేపితే మామూలుగా లేస్తున్నాడా, మాట పొంతనగా ఉందా అన్నది చూసుకుంటే చాలు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వేయకూడదు, అవి రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి. మద్యం ముట్టకూడదు, బండి నడపకూడదు. ఆటల్లో దెబ్బ తగిలిన పిల్లవాణ్ని అదే రోజు మళ్లీ మైదానంలోకి దింపకూడదు.

తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, లేపినా లేవని మగత, ఒక కాలో చేయో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, చూపు రెండుగా కనిపించడం, ముక్కు చెవుల నుంచి నీరు, మనిషి తీరు మారిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అర్ధరాత్రయినా, ఉదయమే డాక్టరు "బాగుంది" అని పంపించి ఉన్నా, వెంటనే వెనక్కి తీసుకెళ్లాలి. పొద్దున తీసిన స్కాన్ కాగితం చేతిలో ఉందని ఆగకూడదు. ఆసుపత్రిలో ఉన్నంతసేపు నర్సును మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "వచ్చినప్పుడు స్కోరు ఎంత, ఇప్పుడు ఎంత?" కళ్లకు, మాటకు, కదలికకు విడివిడిగా చెప్పించుకుని టైముతో సహా రాసుకోండి. వేరే ఆసుపత్రికి పంపాల్సి వస్తే ఆ కాగితాన్ని మొదట అక్కడి డ్యూటీ డాక్టరు చేతికివ్వండి.